పట్టా పిదప నర్సింగ్



పట్టా పుచ్చుకొన్న కుమార్తె నర్సింగ్ చదువుదునన్నచో, "ఇందుకా ఇంత చదివించినది?" అని నొచ్చుకొను ఇండ్లు మనలో ఇంకను కలవు. బ్రిటన్‌లో ఇతర శాస్త్రముల పట్టభద్రులకై రెండేండ్ల పోస్టుగ్రాడ్యుయేట్ నర్సింగ్ శిక్షణ కలదు. వెనుకటి చదువును, అనుభవమును లెక్కకు గైకొని మూడేండ్ల పాఠ్యక్రమమును కుదింతురు. అట్లని రోగి మంచము చెంత నేర్వవలసినది వదలరు. దాదాపు సగము కాలము ఆ పనికే.

మన దేశమున ఇట్టి దగ్గరదారి లేదు. జంతుశాస్త్రమున బి.ఎస్‌సి. చేసిన పిల్లయైనను జి.ఎన్.ఎం.లోనో, నాలుగేండ్ల బి.ఎస్‌సి. నర్సింగ్‌లోనో మొదటినుండి చేరవలసినదే. ఎం.ఎస్‌సి. నర్సింగ్ ఇదివరకే నర్సింగ్ పట్టా పొందినవారికి మాత్రమే. అదనపు ఏండ్లు భారమే, కాదనను. అయినను మీ అమ్మాయి అడిగినపుడు వయసు మీరినదని త్రోసిపుచ్చక, వయోపరిమితి ఎంతయో ముందు విచారింపుడు.