గుండుకు నాలుగో అర్థం

(కోసిగిలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా తలమీద జుట్టు లేదన్న సంగతి మీరందరూ చూస్తూనే ఉన్నారు. కనుక దాని గురించే మాట్లాడతాను. నాకు అండాశయ క్యాన్సర్ వచ్చింది. అందులోనూ అరుదైన రకం, గ్రాన్యులోజా కణాల కణితి. ఆపరేషన్ అయింది. మూడు వారాలకొకసారి కీమోథెరపీ ఎక్కించుకుంటున్నాను. రెండు విడతలు పూర్తయ్యాయి, ఇంకా నాలుగు ఉన్నాయి.

ఈ కణితి తరచుగా ఈస్ట్రోజన్ హార్మోన్‌ను తయారు చేస్తుంది. అందువల్ల బహిష్టు క్రమం తప్పడం, అధిక రక్తస్రావం దీని మొదటి సూచనలు కావచ్చు. మొదట చూపించుకున్న చోట నాతో "నలభై దాటాక ఇవన్నీ మామూలే" అన్నారు. సోషియాలజీలో డాక్టరేట్ ఉన్న నాకే ఆ మాట దాటి స్కాన్ దాకా పోవడానికి నెలలు పట్టింది. మిరప కోతలకు గుంటూరు వలసపోయే కోసిగి ఆడకూలీ మాట ఎవరు వింటారు? అండాశయ క్యాన్సర్‌ను ముందే పసిగట్టే నమ్మకమైన స్క్రీనింగ్ పరీక్ష నేటికీ లేదు. కాబట్టి ఆడమనిషి తన కడుపు గురించి చెప్పే మాటే మొదటి పరీక్ష. ఆ మాటను "గ్యాస్" అని కొట్టేయడం హక్కుల ఉల్లంఘనే.

ఇక జుట్టు సంగతి. కీమో మందులు వేగంగా పెరిగే కణాలను దెబ్బతీస్తాయి. క్యాన్సర్ కణాలతో పాటు వెంట్రుకల కుదుళ్లు, నోటి లోపలి పొర, ఎముక మజ్జ కూడా దెబ్బతింటాయి. ఇలాంటి మందులకు రెండు మూడు వారాల్లో జుట్టు రాలడం మొదలవుతుంది. చికిత్స ముగిశాక కొన్ని నెలల్లో సాధారణంగా తిరిగి వస్తుంది.

ఇంత మామూలు విషయం మనకు ఎందుకింత భయం? మన సమాజంలో ఆడదాని గుండుకు మూడే అర్థాలున్నాయి. ఒకటి మొక్కు. రెండు వైధవ్యం. వీరేశలింగం 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. అయినా "బోడి" అన్న మాట ఈనాటికీ తిట్టుగానే మిగిలింది. మూడోది శిక్ష. దళిత, ఆదివాసీ స్త్రీలకు బలవంతంగా గుండు గీయించడం ఎంత మామూలైపోయిందంటే, అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో దాన్ని ప్రత్యేకంగా నేరమని రాయాల్సి వచ్చింది. నాలుగో అర్థం, వైద్యం, మన ఊళ్లకు ఇంకా చేరలేదు.

అందుకే రైలులో ఒకామె "తిరుపతికి పొయ్యొచ్చినారా మేడమ్?" అని అడిగింది. అవునంటే దండం పెట్టేది. క్యాన్సర్ అన్నాను, కొంచెం పక్కకు జరిగింది. ఇది అంటువ్యాధి కాదని ఆమెకు ఎవరు చెప్పారు గనుక?

నటి హంసానందిని 2021లో రొమ్ము క్యాన్సర్ చికిత్స సమయంలో గుండుతో ఉన్న తన ఫొటోను తానే బయటపెట్టారు. అది ధైర్యమే. కాని ఆ ఫొటోకు దొరికిన గౌరవం కోసిగి బజారులో నడిచే కూలి మనిషికీ దొరకాలి. తిరుమలలో మన ఆడవాళ్లు ఇచ్చిన తలనీలాలు వేలంలో అమ్ముడై, విగ్గులై దేశాలు దాటుతాయి. అదే ఆడవాళ్లకు జబ్బు చేస్తే తలకు చుట్టుకోను తువ్వాలే దిక్కు.

ఇంకో మాట. అందరూ జుట్టు గురించి అడుగుతారు, జ్వరం గురించి ఎవరూ అడగరు. కీమోలో తెల్ల రక్తకణాలు పడిపోతాయి. 100.4 డిగ్రీల జ్వరం వస్తే మాత్ర వేసి పడుకోబెట్టకూడదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. జుట్టు రాలితే ప్రాణం పోదు. ఈ జ్వరాన్ని పట్టించుకోకపోతే పోతుంది.

కార్యకర్తలుగా మనం చేయాల్సినవి ఉన్నాయి. కడుపుబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండటం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం రెండు మూడు వారాలైనా వదలకపోతే ఆమెతో కలిసి వెళ్లి స్కాన్ అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్స ఉందని చెప్పి, కాగితాల పనిలో తోడుండండి. మొదటి సీసా ఎక్కించకముందే ఏమేమి జరుగుతుందో ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పమని డాక్టర్లను నిలదీయండి. చీరకొంగు కప్పుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆమెకు ఆ ఇష్టం మిగిలేలా ఊరిని సిద్ధం చేయడం మన పని.