బొమ్మకు ముందు వచ్చే బొమ్మ
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పవలసినదంతా చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు ఏదైనా సరదా విషయం చెప్పమని ఆదేశించారు. ముప్ఫై ఏళ్ళకు పైగా గుమస్తాగా కాగితాల మీద ముద్రలు కొట్టిన చేయి నాది. కనుక ముద్రల గురించే చెబుతాను. అయితే ఇవి ఆఫీసు ముద్రలు కావు, సినిమా ముద్రలు. బొమ్మ మొదలయ్యే ముందు తెర మీద కంపెనీ గుర్తు ఒకటి వస్తుంది చూడండి, అదన్నమాట. ఇప్పటి పిల్లలు దాన్ని లోగో అంటున్నారు.

మన తరానికి బాగా తెలిసినవి రెండు. ఒకటి, బాకాలూదే జెమిని పిల్లలు. మన పంచాంగంలో మిథునమంటే స్త్రీపురుషుల జంట, పాశ్చాత్యుల లెక్కలో కవలలు. వాసన్ గారు కవలలనే తీసుకున్నారు. 1942లో మన తెలుగు 'బాలనాగమ్మ' తీసిన కంపెనీ అదే.

రెండవది విజయావారి జెండా. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1950లో 'షావుకారు'తో మొదలుపెట్టి 'పాతాళభైరవి', 'మిస్సమ్మ', 'మాయాబజార్', 'గుండమ్మ కథ' వరకు వరసగా ఇచ్చిన సంస్థ. జెండా మీద ఆంజనేయస్వామి ఎందుకున్నాడో చిన్నప్పుడు మనలో చాలామందికి తెలియదు. విజయుడంటే అర్జునుడు, అర్జునుడి రథం మీద కపిధ్వజం. కంపెనీ పేరూ గుర్తూ ఒకదానినొకటి చెప్పుకుంటాయి. ఇంత పొందికైన ముద్ర మరొకటి లేదని నా అభిప్రాయం. ఎవరైనా కాదంటే వాదనకు సిద్ధం, కానీ కాఫీల తర్వాత.

ఇంతకీ ఈ ముద్రలు ఎందుకు మారతాయి? యజమానికి బుద్ధి పుట్టి మార్చినవి తక్కువ, మార్చక తప్పక మార్చినవే ఎక్కువ. ఫిల్ము రోజుల్లో కంపెనీ గుర్తును ఒకసారి చిత్రీకరించి, దాని నకలును ప్రతి సినిమా మొదట అతికించేవారు. నకలుకు నకలు తీస్తే మన కార్బను కాగితం మూడో ప్రతిలాగే మసకబారుతుంది. 1963లో 'లవకుశ' పూర్తి రంగుల్లో వచ్చింది. ఆ తర్వాత రంగుల సినిమాలు తీసేవారికి నలుపు తెలుపు ముద్ర పనికిరాలేదు. 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో తెలుగులో సినిమాస్కోప్ వచ్చింది. తెర వెడల్పయింది, మళ్ళీ కొత్త ముద్ర. తర్వాత కంప్యూటరు వచ్చి ఫిల్మునే తీసేసింది. అమెరికాలో ఎం.జి.ఎం. వారి సింహం సైతం 2021లో కంప్యూటరు సింహమైపోయింది. మన ప్రభుత్వ చిహ్నం మాత్రం మారలేదా? 2018లో అమరావతి శిల్పాన్ని అనుసరించి మార్చారు. లెటరుహెడ్డు చూసి ఇది మన ఆఫీసేనా అని తడుముకున్నవాళ్ళం మనం.

మారీ మారనివి కూడా ఉన్నాయి. కారంచేడు రామానాయుడు గారు 1964లో 'రాముడు భీముడు'తో సురేష్ ప్రొడక్షన్స్ ప్రారంభించారు. ఆ సంస్థ గుర్తులో ఎస్, పి అనే ఇంగ్లీషు అక్షరాల మీద ఇద్దరు పిల్లలు నిలబడి ఉంటారు. వారు ఆయన కుమారులు సురేష్, వెంకటేష్. అందులో చిన్నవాడు 1986లో అదే ముద్ర కింద 'కలియుగ పాండవులు'తో హీరో అయ్యాడు. 2015లో రామానాయుడు గారు పోయారు. రంగులూ మెరుపులూ మారినా ఆ అక్షరాల మీది పిల్లలకు వయసు రాలేదు. వైజయంతీ వారి ముద్రలో శంఖం పూరించే కృష్ణుడు రామారావు గారు. 1996లో ఆయన కాలం చేసిన తర్వాత తీసిన బొమ్మలకు కూడా ఆయనే శంఖం ఊదుతున్నారు.

ఇప్పుడు మన పల్నాడు సంగతి. ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి తొంభై అడుగులు నడుస్తుంది. పావు నిమిషం ముద్ర అంటే ఇరవై రెండున్నర అడుగులు. అది మొదటి రీలు మొదట్లో ఉంటుంది. రీలు ఎక్కించేటప్పుడు నలిగేది, గీతలు పడేది, తెగితే కత్తిరించి అతికేది ఆ మొదలే. పట్నాల్లో ఆడి ఆడి అరిగిన ప్రింటు మాచర్ల, గురజాల వైపు పల్లెల డేరా హాళ్ళకు వచ్చేసరికి మొదట్లో ఎన్ని అడుగులు మిగిలేవో ఆపరేటరుకే ఎరుక. నేను కపిధ్వజాన్ని నిండుగా చూసింది ఉద్యోగంలో చేరాక నరసరావుపేటలోనే.

అప్పుడు అరిగి పోయింది, ఇప్పుడు కోసేస్తున్నారు. టీవీల్లోనూ ఫోన్లలోనూ పాత సినిమాలు ముద్ర లేకుండా, ఒక్కోచోట పేర్లు కూడా లేకుండా నేరుగా కథలోకి దిగుతున్నాయి. దీనివల్ల ఏం నష్టమంటే, మన ఊరి కథే చెబుతాను. 'పల్నాటి యుద్ధం' రెండుసార్లు తీశారు. 1947 నాటి దానిలో నాయకురాలు నాగమ్మ కన్నాంబ, బాలచంద్రుడు అక్కినేని. దాన్ని మొదలుపెట్టిన గూడవల్లి రామబ్రహ్మం గారు 1946లోనే పోతే ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తిచేశారు. 1966 నాటి దానికి గుత్తా రామినీడు గారు దర్శకులు, బ్రహ్మనాయుడు రామారావు గారు, నాగమ్మ భానుమతి. తల తెగిన ప్రతి చూసిన కుర్రవాడికి ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? సగంలో పోయిన మనిషి పేరు ఉన్నది ఆ మొదటి అడుగుల్లోనే. సంతకం, ముద్ర లేని కాగితాన్ని మనం ఏనాడైనా ఫైలులో పెట్టామా?

ఈ మధ్య మరో చిత్రం. ఇప్పటి సినిమాకు ముద్ర ఒకటి కాదు, నాలుగైదు. నిర్మాత, సహనిర్మాత, పాటల కంపెనీ, పంపిణీదారు, వీటికి తోడు పొగాకు హెచ్చరిక. అసలు జవాబుదారీ ఎవరో తేలదు. పదిమంది ఇనిషియల్సు వేసి, ఎవరూ ఉత్తర్వు ఇవ్వని ఫైలు మనకు కొత్తదేమీ కాదు.

మీ ఇళ్ళల్లో పాత సినిమా పాటల పుస్తకాలుంటే వాటి అట్టల మీద ఈ కంపెనీ గుర్తులు అచ్చై ఉంటాయి. కాగితాల వాడికి వెయ్యకండి. మన సంఘ కార్యాలయంలో ఒక బీరువా అర ఖాళీగా ఉంది, తాళంచెవి కోశాధికారిగారి దగ్గర ఉంటుంది.