గుంపు పిల్లల దగ్గరికి మేము ఆలస్యంగా పోయాం

పొదుపులు, అప్పుల లెక్క మా వీఓఏ చెల్లె చదివింది కాబట్టి మళ్ళీ చెప్పం. మేము చెప్పేది మా ఊరవతల అడవిలో ఉన్న గుత్తికోయ గుంపు పిల్లల గురించి.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక అటు జుడుం, ఇటు నక్సలైట్లు, మధ్యలో ఊళ్ళు నలిగిపోయినయి. ఎంతోమంది పిల్లల్ని చంకనేసుకుని సరిహద్దు దాటి మన భద్రాచలం అడవుల్లోకి వచ్చారు. గిరిజన పోరగాళ్ళకు తుపాకులిచ్చి పోరాటానికి పంపడం రాజ్యాంగానికి విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా వచ్చినవాళ్ళలో చాలామంది వెనక్కి పోలేదు. దేశం దాటలేదు కాబట్టి వాళ్ళను శరణార్థులని కూడా అనరు. మా గుంపులో ఇప్పుడున్న పిల్లలు ఇక్కడే పుట్టినవాళ్ళు.

మిర్చి కోతలప్పుడు తల్లిదండ్రులు తెల్లారకముందే ట్రాలీ ఆటో ఎక్కి చేలకు పోతారు. పదేళ్ళ పిల్ల చంటిదాన్ని చూసుకుంటూ గుడిసెలో ఉంటది, లేదంటే తను కూడా కోతకు పోతది. వాగుకు నీళ్ళకు పోవాల్సింది కూడా ఆ పిల్లే. మేము రోజూ చూసేవాళ్ళమే, కానీ వాళ్ళ పిల్లలు వాళ్ళిష్టం అనుకున్నాం.

పోయినేడు కోతల మధ్యలో ఒక పిల్ల ట్రాలీ చప్పుడు వింటే గుడిసె వెనక్కి పోయి దాక్కుంటోందని మా సంఘంలోని కోయ అక్క గమనించింది. వాళ్ళ భాష ఆమెకు వచ్చు. నాలుగు రోజులు ఊరికే పోయి కూర్చుంటే ఐదో రోజు పిల్ల చెప్పింది. కూలీలను తీసుకుపోయే మనిషే. ఇంతకన్నా ఇక్కడ చెప్పం, ఆ పిల్ల ఎవరో తెలియకూడదు.

తల్లిని అడిగితే, "పోలీసుల దగ్గరికి పోతే మమ్మల్ని ఇక్కడి నుంచి వెళ్ళగొడతారు" అన్నది. ఆమె భయం మాకు అర్థమైంది. మరి మా సంగతి? ఆ మనిషి మా సభ్యురాలికి దగ్గరి చుట్టం. మీటింగ్‌లో ఒకామె డబ్బులు ఇప్పిద్దాం అన్నది, ఒకామె పిల్ల పేరు పాడవుతది అన్నది. "వాళ్ళు ఎల్లుండి ఇంకో చోటికి పోయేవాళ్ళే కదా" అన్నవాళ్ళు కూడా మాలోనే ఉన్నారు. రెండు రోజులు అట్లనే గడిచినయి. ఆ రెండు రోజులు కూడా ఆ ట్రాలీ గుంపుకు వచ్చింది. ఇది మా తప్పు, రిపోర్టులో ఉండాలనే చెప్తున్నాం.

మూడో రోజు 1098కి ఫోన్ చేశాం. తర్వాత తెలిసింది, ఇట్లాంటిది తెలిసి కూడా చెప్పకపోతే పోక్సో చట్టం కింద మనకే ఆరు నెలల దాకా జైలు పడొచ్చట. పంచాయితీ పెట్టి రాజీ చేయడానికి ఇది చేను గట్టు తగాదా కాదు. మేము భయపడ్డట్టు ఏమీ జరగలేదు. మహిళా ఎస్సై మామూలు చీరలో వచ్చి చాప మీద కూర్చుని అడిగింది. మా కోయ అక్క మాట మార్చి చెప్పింది. పిల్లను స్టేషన్‌కు పిలవలేదు, అట్లా పిలవక్కర లేదని చట్టంలోనే ఉందట. తల్లిని ఎవరూ వెళ్ళగొట్టలేదు. కేసు నడుస్తోంది. మా సభ్యురాలు పొదుపు పంపిస్తది గానీ మీటింగ్‌కు రావట్లేదు, మాతో మాట్లాడట్లేదు.

ఇప్పుడు కోతల కాలంలో రోజుకు ఇద్దరం వంతులేసుకుని గుంపులో పిల్లల దగ్గర ఉంటున్నాం. ఆ రోజు మాకు కూలి పోతది, అందుకే కొందరు సణుగుతారు, నిజమే. పెద్దవాళ్ళు తోడు లేకుండా ఆడపిల్లను ట్రాలీ ఎక్కనివ్వం. ఏడుగురిని బడిలో వేయించాం. పుట్టిన తేదీ కాగితం లేదని బడిలో చేర్చుకోకుండా ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టంలో ఉంది, మీ దగ్గర ఎవరైనా ఆపితే అదే చెప్పండి.

సమాఖ్యను రెండు అడుగుతున్నాం. వంతుకు పోయే సభ్యులకు ఆ రోజు కూలిలో సగమన్నా సామాజిక నిధి నుంచి ఇవ్వండి. గుంపు దగ్గర ఒక చేతిపంపు కోసం తీర్మానం చేసి కలెక్టరు గారికి పంపండి. వాగు దారి చాలా దూరం, సాయంత్రం నీళ్ళకు పోయేది ఇప్పటికీ పిల్లలే.