తెల్లకాగితం మీద తెల్లపువ్వు



నందివర్ధనం పువ్వుని నీటిరంగుల్లో వేయాలంటే చిత్రకారుడు ముందు ఏ రంగులో కుంచె ముంచుతాడు? తెలుపులో అనుకుంటాం. కానీ చాలామంది తెల్లరంగు జోలికే పోరు. పువ్వులోని తెలుపంతా కాగితానిదే. వెనకున్న ఆకుల ముదురుపచ్చ వేసుకుంటూ వస్తే రేకుల అంచు దానంతటదే తేలుతుంది. రేకు మడతపడ్డ చోట పల్చటి బూడిదనీలం, ఆకుపచ్చ ప్రతిఫలించే చోట లేత పసుపుపచ్చ తగిలీ తగలనట్టు పెట్టి ఆపేస్తారు. కాబట్టి ఇలాంటి బొమ్మ ఎదురైతే రంగు ఎక్కడ వేశారన్నది తర్వాత చూద్దురుగాని, ఎక్కడ వేయకుండా వదిలారో ముందు వెతకండి.

మెత్తగా నూరిన రంగుపొడి, తుమ్మజాతి చెట్ల బంక, నీళ్లు. నీటిరంగంటే ప్రధానంగా ఇంతే. నీళ్లు ఆరిపోయాక కాగితం మీద మిగిలేది పల్చటి పొర. వెలుతురు ఆ పొరలోంచి వెళ్లి, కాగితానికి తగిలి, మళ్లీ రంగులోంచే మన కంటికి చేరుతుంది. పూరేకు కూడా వెలుతురుని కొంత తనలోంచి పోనిస్తుంది గనకే పువ్వుకీ ఈ రంగుకీ పొత్తు కుదిరింది. తైలవర్ణాల్లో నచ్చనిదాన్ని పైపూతతో కప్పేయొచ్చు. ఇక్కడ అడుగున వేసింది పైకి కనబడుతూనే ఉంటుంది.

అంచుల్ని కూడా చూడండి. తడికాగితం మీద పెట్టిన రంగు తనకు తానే పాకుతుంది. మందారంలో మొదట ముదురుగా ఉన్న ఎరుపు రేకు చివరికి వచ్చేసరికి కరిగిపోయినట్టుంటే, అది తడి చేసిన పని. పొడికాగితం మీదైతే, ఆరేటప్పుడు రంగు రేణువులు అంచుకి చేరి సన్నని గీతలా నిలుస్తాయి. రేకు కొసన ఆ గీత అందమే. రేకు మధ్యలో చిందరవందర మరకలా కనిపిస్తే మాత్రం, సగం ఆరిన రంగు మీద మళ్లీ నీళ్లు తగిలాయన్నమాట. అన్నీ సరిదిద్ది మెరుగుపెట్టిన బొమ్మకన్నా అలాంటి మరక ఒకటి మిగిలిన బొమ్మే నాకు ఇష్టం.

ఇక శాస్త్రం కోసం వేసిన పూలబొమ్మలకు వస్తే, మన సామర్లకోట సంగతి చెప్పాలి. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లేదాకా అక్కడే ఉండి, చుట్టుపక్కల మొక్కలను మన చిత్రకారులచేత వేయించాడు. అతను వేయించిన బొమ్మల్లోంచి ఏరిన 300 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' పేరుతో 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. పుస్తకం ముఖపత్రం మీద రాక్స్‌బర్గ్ పేరుంది. వేసినవాళ్ల పేర్లు లేవు.

వృక్షశాస్త్రం బొమ్మలో వెనక దృశ్యం ఉండదు, చుట్టూ ఖాళీ కాగితమే. మరి తెల్లకాగితం మీద తెల్లపువ్వుని ఎలా చూపాలి? ఒక ఆకుని మెలితిప్పి రేకు వెనక్కి తెస్తారు. ఆకు అందని చోట వెంట్రుకంత బూడిదగీత, దానికి లోపలివైపు చిన్న నీడ. పైగా ఆ గీత కేసరాల లెక్క చెడగొట్టకూడదు. శాస్త్రజ్ఞుడు వాటిని లెక్కపెట్టుకుంటాడు! ఇవి ఉన్నదున్నట్టు దించిన బొమ్మలేగదా అని తీసిపారేసేవాళ్లు ఈ ఆకు మెలిక దగ్గర ఒక్కసారి ఆగాలి.

తర్వాతి తరంలో మద్రాసు ప్రెసిడెన్సీలో రాబర్ట్ వైట్ అనే మరో కంపెనీ వైద్యుడి దగ్గర మొదట రంగయ్య, ఆయన తర్వాత గోవిందు పనిచేశారు. వీళ్ల పేర్లు మిగిలాయి. 1853లో వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరే పెట్టాడు. వీళ్ల చేతి బొమ్మలు వందల సంఖ్యలో ఎడిన్‌బరో వృక్షోద్యానంలో ఉన్నాయి.

రాక్స్‌బర్గ్ సంపుటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అవి రాగిరేకు మీద చెక్కి, అచ్చుతీసి, చేత్తో రంగులద్దినవి కాబట్టి అసలు బొమ్మలోని తడి వాటిలో వెతకొద్దు. మోదుగ మొదటి సంపుటంలో ఉంది. మోదుగ రేకు మీద సన్నని వెండినూగు ఉంటుంది, నారింజరంగుని అది కాస్త మందగింపజేస్తుంది. అడుగున రక్షకపత్రాలు ముఖమల్‌లాంటి ముదురు గోధుమ. మాఘ ఫాల్గుణాల్లో రాలిన పువ్వొకటి తెచ్చుకుని, తెర మీది బొమ్మని బాగా పెద్దది చేసి, ఆ నూగుని చూపడానికి ఏం చేశారో పక్కపక్కన పెట్టి చూడండి.