కీ వదిలినా సెల్ఫ్ ఆగుతలేదా? మోటార్ మార్చే ముందు ఈ చెకింగ్ చేయండి

ఈ ఎపిసోడ్‌లో కొంచెం భయపెట్టే ప్రాబ్లం గురించి మాట్లాడుకుందాం. కీ తిప్పినం, బండి స్టార్టయింది, కీ వదిలేసినం. కానీ సెల్ఫ్ మోటార్ మాత్రం ఆగుతలేదు. బానెట్ కింద నుంచి గుర్రుమని కీచుగా సౌండ్. కొన్ని బండ్లల్ల కీ పూర్తిగా ఆఫ్ చేసినా మోటార్ తిరుగుతనే ఉంటది.

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయే దారిలో ఇట్లయితే పక్కన మెకానిక్ ఉండకపోవచ్చు. అప్పుడు మొదటి రెండు నిమిషాల్లో ఏం చేయాలో మీకే తెలిసి ఉండాలె.

ఎందుకంత తొందర? సెల్ఫ్ మోటార్ కొన్ని సెకన్ల పని కోసం చేసిన వస్తువు. 1912లో కాడిలాక్ కారుకు చార్లెస్ కెటెరింగ్ ఎలక్ట్రిక్ సెల్ఫ్ తెచ్చిండు. ఆయన పట్టుకున్న పాయింట్ ఏందంటే, కొద్దిసేపే తిరిగేదైతే చిన్న మోటారుతో కూడా పెద్ద బలం తీయొచ్చు. ఈరోజు మీ కారులో ఉన్నదీ అదే లెక్క. కార్ సెల్ఫ్ 100 ఆంపియర్ల పైనే కరెంటు గుంజుతది. అట్లనే తిరిగితే వైరు కాలుతది, మంటలు కూడా రావొచ్చు. ఇంకోటి, ఫ్లైవీల్ రింగ్ ఒక చుట్టు తిరిగితే సెల్ఫ్ చిన్న పళ్లచక్రం సుమారు 10 నుంచి 15 చుట్లు తిరుగుతది. ఇంజన్ 3,000 ఆర్‌పీఎంలో ఉంటే ఆ చక్రం 30,000 దాటుతది. మోటారును కాపాడేది లోపలున్న వన్‌వే క్లచ్ ఒక్కటే. అది పట్టేసిందంటే ఆర్మేచర్ ముక్కలే.

అందుకని రేస్ చేయొద్దు. గేర్ న్యూట్రల్ చేయండి, హ్యాండ్ బ్రేక్ లాగండి, కీ ఆఫ్ చేయండి. గేర్‌లో ఉంటే సెల్ఫే బండిని ముందుకు నూకుతది, ఎదురుగా మనిషి ఉంటే ప్రమాదం. కీ ఆఫ్ చేసినా ఆగకపోతే బ్యాటరీ నెగిటివ్ కేబుల్ తీసేయండి. చాలా బండ్లకు 10 నంబర్ పానా సరిపోతది. మెరుపులొస్తయి కాబట్టి ముఖం దూరంగా పెట్టండి, దగ్గర్ల సిగరెట్ ఉండొద్దు, చేతికి ఉంగరం ఉంటే తీసేయండి. ఇంజన్ నడుస్తుండగా మాత్రం కేబుల్ పీకొద్దు.

ఇప్పుడు అసలు విషయం. ఇట్లయితే చాలామంది "సెల్ఫ్ పోయింది, కొత్తది వేసేయ్" అంటరు. కానీ ఇరుక్కునేవి నాలుగు ఉంటయి: ఇగ్నిషన్ స్విచ్, రిలే, సోలనాయిడ్, పళ్లచక్రం. రిలే ధర వందల్లో, సెల్ఫ్ ధర వేలల్లో. రిలే పోయిందనుకోండి, కొత్త సెల్ఫ్ వేసినా అది కూడా ఆగదు.

మొదటి గుర్తు మీరే చెప్పగలరు. కీ ఆఫ్ చేస్తే ఆగిందా? ఆగితే ఇగ్నిషన్ స్విచ్ మీద అనుమానం. ఆగకపోతే రిలే లేదా సోలనాయిడ్. ఇది గుర్తు మాత్రమే, తీర్పు కాదు.

టెస్ట్ ఒకటి. బ్యాటరీ కేబుల్ తీసి ఉన్నప్పుడే, సోలనాయిడ్ మీదున్న సన్న వైరు పీకండి. బండి న్యూట్రల్‌లోనే ఉండాలె. ఇప్పుడు నెగిటివ్ కేబుల్ ఒక్కసారి తాకించండి. సన్న వైరు లేకున్నా మోటార్ తిరిగితే సోలనాయిడ్ లోపలి రాగి పాయింట్లు అతుక్కున్నట్టు. తిరగకపోతే సోలనాయిడ్ పాయింట్లు బాగున్నట్టే, తప్పుడు కరెంటు పైనుంచి వస్తుంది.

టెస్ట్ రెండు. ఆ సన్న వైరుకు టెస్ట్ ల్యాంప్ పెట్టి, రెండో కొస బాడీకి ఎర్త్ చేయండి. కేబుల్ బిగించి, కీని స్టార్ట్ దాకా తిప్పి, ఆన్‌కు వదలండి. స్టార్ట్‌లోనే ల్యాంప్ వెలగాలె, ఆన్‌కు రాగానే ఆరిపోవాలె. ఆరలేదా? స్టార్టర్ రిలే పీకండి. అయినా వెలుగుతుంటే వైరు ఎక్కడో షార్ట్, లేదా బయట పెట్టించిన అలారం కిట్ వైరింగ్ చూడాలె. రిలే పీకితే ఆరిందంటే, అదే నంబరున్న ఇంకో రిలే పెట్టి మళ్లీ చూడండి. ఇప్పుడు సరిగ్గా ఆరితే పాత రిలే పోయినట్టు. మళ్లీ వెలుగుతనే ఉంటే ఇగ్నిషన్ స్విచ్. బటన్ స్టార్ట్ బండ్లల్ల మాత్రం ఈ చివరి మెట్టుకు స్కానర్ కావాలె.

టెస్ట్ మూడు. ల్యాంప్ సరిగ్గా ఆరుతుంది, సన్న వైరు మళ్లీ పెట్టినం, స్టార్టయినంక కీచు సౌండ్ మాత్రం పోలేదు. అప్పుడు సోలనాయిడ్ నుంచి మోటారుకు పోయే లావు వైరు దగ్గర వోల్టేజ్ చూడండి. 12 వోల్టులు ఉంటే సోలనాయిడే వదుల్తలేదు. సున్నా ఉంటే కరెంటు తప్పు కాదు, పళ్లచక్రం వెనక్కి వస్తలేదు. స్ప్రింగ్ వీక్, షాఫ్ట్ మీద తుప్పు, అరిగిన రింగ్ పళ్లు, ఇందులో ఏదో ఒకటి. సెల్ఫ్ దించి చూడాల్సింది అప్పుడే.

ఇది ఎందుకొస్తదంటే, ముఖ్యమైన కారణం డౌన్ అయిన బ్యాటరీ. ఛార్జింగ్ తక్కువుంటే సోలనాయిడ్ గట్టిగా పట్టుకోలేదు. టకటకమని కొట్టుకుంటది, ప్రతి దెబ్బకు పాయింట్ల మధ్య మెరుపు, చివరికి రాగి కరిగి అతుక్కుంటది. టకటక వినిపిస్తే కీ మళ్లీ మళ్లీ తిప్పొద్దు, ముందు బ్యాటరీ చూపించండి.

రెండోది నీళ్లు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డిని ముంచిన వాన మీకు గుర్తుంటది. కాలనీల్లో కార్లు నీళ్లల్ల ఉన్నయి. అట్లా మునిగిన బండి ఆరినంక బాగానే నడవొచ్చు, తుప్పు మాత్రం మెల్లగా పని చేస్తది. రిలే కాళ్లు, సోలనాయిడ్, సెల్ఫ్ షాఫ్ట్ ఒకసారి విప్పించి క్లీన్ చేయించండి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు రిలే బాక్స్ మూత తీసి మట్టి గీత ఉందేమో చూడండి.

షెడ్‌కు పోయినప్పుడు "సెల్ఫ్ పోయింది" అని చెప్పకండి. "కీ ఆఫ్ చేస్తే ఆగింది" లేదా "ఆగలేదు" అని చెప్పండి. ఏ టెస్ట్‌తో తేలిందో అడగండి. అది అడిగే హక్కు మీకుంది, డబ్బులు మీవి.

మీ బండికి ఇట్లయితే మోడల్, కీ ఆఫ్ చేస్తే ఏమైందో కామెంట్‌లో రాయండి, చూసి జవాబిస్తా. కొత్తగా కారు నేర్చుకుంటున్న దోస్తులకు షేర్ చేయండి. ఉంటా మరి, జాగ్రత్త.