ఉత్తరాలు రాసినవాళ్లం, మెసేజీలు చదవడం నేర్చుకుందాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సీనియర్లకు, నా బ్యాచ్ మిత్రులకు, వెనక వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. ఫోన్లు చూస్తున్నారని నేనేమీ అనను. దాదాపు ముప్పై ఏళ్లుగా నాకు జీతం వస్తున్నది ఆ ఫోన్ల పుణ్యానే.

నేను నల్లగండ్లలో పుట్టి పెరిగాను. ఇప్పటి అపార్టుమెంట్లు చూసినవాళ్లు నమ్మరు గానీ, నేను మన బడికి వచ్చే రోజుల్లో అక్కడ చెరువు, పొలాలు, అటు సెంట్రల్ యూనివర్సిటీ రాళ్లగుట్టలు, ఇటు లింగంపల్లి స్టేషను. మా వీధిలో ఒక్క ఇంట్లో కూడా ఫోను లేదు. ఏ కబురైనా పోస్ట్‌మ్యాన్ తేవలసిందే. మూలలకు పసుపు రాసి ఉంటే శుభవార్త. చావు కబురైతే గుమ్మం బయటే చదివి చింపేసేవాళ్లు.

తొమ్మిదో తరగతిలో మా తెలుగు మాస్టారు లేఖారచన చెప్పారు. ఊరు, తేదీ ఎక్కడ రాయాలో, ఎవరికి ఏ సంబోధన వాడాలో నేర్పి, చివర ఒక మాట అన్నారు: “రాసేముందు ఆ ఉత్తరం చదివే మనిషి ముఖం తలుచుకోండిరా.” నేను అయిదు మార్కుల కోసం నేర్చుకున్నాను. ఆ చదువు మా వీధికి పనికొచ్చింది. రాయడం రాని పెద్దవాళ్లకు నేనే ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ణి.

మా పక్కింటి అవ్వ కొడుకు దుబాయిలో ఉండేవాడు. ఒకసారి ఆమె జ్వరంతో పడుకునే ఉత్తరం చెప్పింది. “నేను మంచిగనే ఉన్న అని రాయి బిడ్డా” అంది. “జ్వరం సంగతి రాయొద్దా అవ్వా?” అన్నాను. “వద్దు. అంత దూరంల ఏం జేస్తడు? పరేశాన్ అయితడు” అంది. అలాగే రాశాను. నెల దాటాక జవాబు వచ్చింది. చదివి వినిపించింది కూడా నేనే. “అమ్మా, ఎప్పుడు రాసినా బర్రె సంగతి రాస్తవు. ఈసారి రాయలేదు. నీ పాణం బాగలేదా?” అని మొదటి ముక్క. అవ్వ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. రాసిన నాకు కనిపించనిది సముద్రం అవతల చదివినవాడికి కనిపించింది.

ఆ తర్వాతి కాలం మన కళ్లముందు జరిగిందే. 1984లో సీ-డాట్ మొదలయింది. తర్వాత వీధి వీధికీ పసుపుపచ్చ ఎస్టీడీ బూతులు వచ్చాయి. గిర్రున తిరిగే మీటరు వంక చూస్తూ మాట్లాడేవాళ్లం. 1995 జులై 31న దేశంలో మొదటి మొబైల్ కాల్. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. 2013 జులైలో టెలిగ్రాం ఆగిపోయింది. ఈ మార్పుల్లో కొన్నింటికి నేనూ ఒక చెయ్యి వేశాను. కబురు చేరే కాలం నెల రోజుల నుంచి ఒక క్షణానికి తగ్గింది.

మన వయసువాళ్లు, “ఈ పిల్లలకు మనుషులతో మాట్లాడటం రాదు, అన్నీ రెడీమేడ్ బొమ్మలే” అంటుంటారు. మన రోజుల్లో పెళ్లి టెలిగ్రాముకు ఏం చేసేవాళ్లమో గుర్తు చేసుకోండి. శుభాకాంక్షల పట్టికలో ఒక నంబరు ఎంచుకుంటే చాలు, అవతలి ఊళ్లో ఆ వాక్యం చేతికిచ్చేవారు. రెడీమేడ్ ఆప్యాయత మనమూ పంపినవాళ్లమే.

ఇక నా సంగతి చెబుతాను. మా అమ్మాయి అమెరికాలో ఉద్యోగం చేసేది. ఇంటి గ్రూపులో రోజూ పలకరింపులే. రెండేళ్ల కిందట ఒక రోజు, “కొంచెం బిజీ డాడీ, వీకెండ్ మాట్లాడతా” అని పెట్టింది. నేను మీటింగులో ఉండి బొటనవేలు గుర్తు నొక్కాను. వీకెండ్ పోయింది. మళ్లీ “బిజీ” అంది, మళ్లీ బొటనవేలు నొక్కాను. వారం తర్వాత, ఎనభై దాటిన మా అమ్మ అడిగింది: “పిల్ల రోజూ ఏం వండుకున్నదో ఫోటో పెడ్తది గదా. ఎనిమిది రోజులాయె, పెడ్తలేదు. ఏమైందో అడిగినవా?”

నాకు బర్రె గుర్తొచ్చింది.

వెంటనే ఫోన్ చేశాను. కట్ చేసి, “కాల్ ఎందుకు? ఎవరికైనా ఏమైనా అయిందా?” అని మెసేజ్ పెట్టింది. మనకు టెలిగ్రాం ఎలాగో, చెప్పకుండా వచ్చే కాల్ వాళ్లకు అలాగట. “ఎవరికీ ఏమీ కాలేదు, నీ గొంతు వినాలని” అని రాశాను. అప్పుడు తనే చేసింది. ఉద్యోగం పోయి 22 రోజులైంది. వీసా నిబంధన ప్రకారం ఇంకో ఉద్యోగానికి ఉన్న గడువు 60 రోజులు. “మరి చెప్పలేదేం తల్లీ?” అంటే, “నువ్వు పరేశాన్ అవుతావని” అంది. అవ్వ అన్న మాటే.

మిగిలిన 38 రోజులూ రోజూ మాట్లాడుకున్నాం. నేను సలహాలు ఇవ్వడం తగ్గించాను, అది చెప్పేది విన్నాను. గడువులోపే ఇంకో ఉద్యోగం దొరికింది. దొరకకపోయినా ఇంటికి వచ్చేది, అంతేకదా అనే ధైర్యం ఇద్దరికీ అప్పటికే వచ్చింది.

ఇంజినీరుగా ఒక మాట. రెండు నీలం టిక్కులకు అర్థం మెసేజ్ తెరుచుకుందని మాత్రమే. చదివిన మనిషికి అర్థమైందని చెప్పే టిక్కు ఇంతవరకూ ఏ కంపెనీ తయారు చేయలేదు. ఆ పని మనమే చేయాలి. పిల్లలూ, మీకూ ఒక మాట: మీ అమ్మానాన్నలు “బాగున్నాం” అంటే అక్కడితో వదిలేయకండి. బర్రె సంగతి అడగండి.

ఈ సావనీర్ చివర మన చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. మన బ్యాచ్ గ్రూపుల్లో ఈమధ్య మాట్లాడటం మానేసిన వాళ్ల పేర్లు వెతకండి. ఇవాళ రాత్రి ఒక్కరికి ఫోన్ చేయండి. లేఖారచన చెప్పిన మా మాస్టారు ఇప్పుడు లేరు. ఉండి ఉంటే ఆయనకు ఒక కార్డు రాసేవాణ్ణి, ముఖం తలుచుకుని.