తీగకు కళాయి

వెనుక ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించేవాళ్ళం గదా, రేడియో కాయిలు చుట్టే ఎనామిలు తీగ కొసలకూ అదే పని. పూత పోనిదే సోల్డరు అంటదు. సర్వీసులో ఉండగా బ్లేడుతో గీకేవాణ్ణి. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది. వెంట్రుకంత తీగ తెగి మనవడి కాయిలు రెండుసార్లు పాడుచేశాను. వాడేమీ అనలేదు, అదే బాధ.

అందుకే చిన్న సోల్డరు పాట్ కొన్నాను. 60 పాళ్ళు తగరం, 40 సీసం. సుమారు 190 డిగ్రీలకే కరుగుతుంది గాని, పాలియూరెథేను పూత త్వరగా కాలాలంటే 400 దాకా కావాలి. పైన తెట్టు తీసి, కొస ముంచి, రెండు మూడు సెకన్లలో తీస్తే తెల్లగా మెరుస్తుంది. మోటారు తీగల పూతలు కొన్ని ఇలా లొంగవు, గీకవలసిందే. పొగ పీల్చరాదు, కిటికీ తీసి పెట్టుకోండి. తడి తగిలితే సోల్డరు మొహాన చిమ్ముతుంది, కళ్ళజోడు తప్పదు.

మూడో కాయిలు మనవడే చుట్టుకున్నాడు. కొసలు మాత్రం నన్ను ముంచమన్నాడు.